సోడాబుడ్డి కళ్ళద్దాల కాలం

శాన్ రామన్‌లో బోలింజర్ కాన్యన్ రోడ్డు మీద రోజూ కారు నడిపే తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు పియర్, వాల్‌నట్ తోటలతో నిండిన బిషప్ రాంచ్ ఇప్పుడు ఆఫీసు భవనాలతో నిండిపోయింది. కాంటాక్ట్ లెన్సుల తయారీలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైన కూపర్‌విజన్‌కీ, దాని మాతృసంస్థ కూపర్ కంపెనీస్‌కీ ముఖ్య కార్యాలయాలు ఆ రోడ్డు మీదే ఉన్నాయి. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో డగర్టీ వ్యాలీ ఇళ్ళు. 2020 జనాభా లెక్కల్లో 84,605 మంది తేలిన ఈ ఊళ్ళో, సాయంత్రం పూట ఏ పార్కులో ఒక చుట్టు తిరిగినా తెలుగు వినపడుతుంది.

ఈ ఇళ్ళల్లో నలభై దాటిన అమ్మానాన్నలకి చిన్నప్పుడు బళ్ళో వినపడ్డ ఒక పేరు ఇంకా గుర్తుంది. కొందరు ఆ పేరుతో ఇంకొకర్ని ఏడిపించినవాళ్ళు, ఇంకొందరు ఆ పేరు పడ్డవాళ్ళు. సోడాబుడ్డి! కళ్ళజోడు పెట్టుకున్న ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకీ తెలుగు బడి పెట్టిన పేరు అది. ఇప్పుడు వాళ్ళ పిల్లల ముక్కుల మీదా కళ్ళజోళ్ళున్నాయి. కానీ ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిలిచినా పిల్లలకి అర్థం కాదు. వాళ్ళు ఆ బుడ్డినీ ఎరగరు, ఆ మందపాటి అద్దాల్నీ ఎరగరు.

ముందు బుడ్డి సంగతి చెప్పుకోవాలి. సిరాబుడ్డి, కిరసనాయిలు బుడ్డి ఉన్న ఇళ్ళకి సోడా కూడా బుడ్డిలోనే వచ్చింది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. దానికి మూత లేదు, బిరడా లేదు. మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపలి అంచున ఒక రబ్బరు వాషరు, అంతే. సీసాలో నీళ్ళు పోసి, తలకిందులు చేసి గ్యాసు పట్టిస్తే గోలీ జారి మూతి దగ్గరికొస్తుంది. లోపలి ఒత్తిడి దాన్ని వాషరుకి అదిమి పట్టేస్తుంది. తరవాత సీసాని నిలబెట్టినా గోలీ కిందపడదు. మెడకి ఒక పక్కన వేళ్ళతో నొక్కినట్టు రెండు సొట్టలుంటాయి. తాగేటప్పుడు గోలీ మళ్ళీ మూతికి అడ్డం పడకుండా ఆ సొట్టల మీద ఆగుతుంది. ఈ కిటుకు తెలియని పిల్లలు సీసాని తప్పు వైపుకి తిప్పి ఎత్తిపట్టి, చుక్క రాక అవస్థ పడుతుంటే సోడా కొట్టేవాడు సీసాని అర చుట్టు తిప్పి చేతికిచ్చేవాడు.

సోడాని తీయడం అనేవాళ్ళు కాదు, కొట్టడం అనేవాళ్ళు. చెక్క గుబ్బని గోలీ మీద ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే కీచుమన్న చప్పుడూ, వెంటనే బుస్సుమన్న నురగా. చెయ్యి తిరిగినవాళ్ళకి గుబ్బ కూడా అక్కర్లేదు, బొటనవేలు చాలు. బండి మీద గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క పెట్టెల్లో సీసాలు వరసగా నిలబడి ఉండేవి. గిరాకీని పిలవడానికి కేకలు వేసేవాడు కాదు సోడాబండి మనిషి. ఆ గుబ్బని సీసాల వరస వెంట ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగు లాగేవాడు. గాజు గాజుకి తగిలి మోగే ఆ గణగణలు నాలుగు వీధుల అవతలికి వినపడేవి. వట్టి సోడా, నిమ్మకాయ సోడా, కలరు సోడా, రాయలసీమలో సుగంధి. భోజనం అరగని పెద్దలకి మందు, సినిమా ఇంటర్వెల్‌లో పిల్లలకి పండగ. ఒకప్పటి తూర్పుగోదావరి జిల్లా రామచంద్రపురంలో అద్దూరి వారి కుటుంబం 1919లో మొదలుపెట్టిన సోడా వ్యాపారమే తరవాత ఆర్టోస్ అయింది. ఆ జిల్లా వాళ్ళు శాన్ రామన్‌లో ఎదురైతే ఆర్టోస్ పేరు చెప్పి చూడండి, పది నిమిషాలు కదలనివ్వరు.

ఒత్తిడి తట్టుకోవాలి కాబట్టి ఆ గాజు మందం. పేలితే ప్రమాదం. అందుకే సోడా మిషను తిప్పేటప్పుడు సీసాకి అడ్డంగా ఇనప తొడుగు ఉండేది. అదే మందం ఆ బుడ్డికి ఇంకో పేరు కూడా తెచ్చిపెట్టింది. రాళ్ళు, సోడాబుడ్లు విసురుకున్నారు అన్న మాట ఎన్నికల వార్తల్లోనూ, సినిమా హాళ్ళ దగ్గర అభిమానుల గొడవల వార్తల్లోనూ తరచూ కనపడేది. ఒక తరం తెలుగు పాఠకులకి సోడాబుడ్డి దాహం తీర్చే వస్తువే కాదు, వీధి పోరాటాల ఆయుధం కూడా.

ఖాళీ బుడ్డిని కంటికి ఆనించి అడుగులోంచి చూడని పిల్లలు అప్పట్లో లేరు. ఆకుపచ్చటి గాజు, అందులో చిన్న చిన్న బుడగలు, గుండ్రంగా వలయాలు. ఆ వలయాలే కళ్ళజోడులోనూ కనపడ్డాయి. దూరపు చూపు ఆననివాళ్ళకి ఇచ్చే మైనస్ అద్దం నడుమ పలచగా, అంచుల్లో లావుగా ఉంటుంది. నంబరు ఆరో, ఎనిమిదో దాటితే ఫ్రేము దాటి బయటికి పొడుచుకొచ్చేది. ఎదుటివాళ్ళు చూస్తే లోపలి కన్ను చిన్నదైపోయి, దాని చుట్టూ వలయం మీద వలయం. అద్దం అచ్చంగా గాజుదే కాబట్టి బరువూ ఎక్కువే. ముక్కు మీద రెండు పక్కలా ఎర్రటి గుంటలు పడేవి, చెవి వెనక ఒరుసుకుపోయేది. నల్లటి లావుపాటి ఫ్రేము కాలు విరిగితే కొత్తది కొనేదాకా దారం కట్టుకునేవాళ్ళు, లేదా సైకిలు ట్యూబు ముక్క చుట్టుకునేవాళ్ళు.

ఇంత సరిగ్గా అతికిన పోలిక కాబట్టే అది మూడు భాషలు తిరిగింది. శాన్ రామన్‌లో పక్కింటి తమిళులని అడిగితే వాళ్ళ బళ్ళోనూ సోడాబుట్టే, కన్నడిగులని అడిగినా సోడాబుడ్డే. హైదరాబాదు పిల్లలకి దక్కనీ ఉర్దూ పుణ్యమా అని చష్మిష్ అన్న మాట కూడా తోడయింది. నాలుగు కళ్ళు అన్నది అందరికీ ఉమ్మడి సొత్తు. అమెరికన్లు లావుపాటి అద్దాలని కోక్ బాటిల్ గ్లాసెస్ అంటారు. ఇక్కడ గోలీ సీసా నిలవలేదు. బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ 1892లో పేటెంటు పొందిన రేకు మూత దాన్ని తుడిచిపెట్టేసింది. అందుకని అమెరికా బడిపిల్లలకి చేతికందిన లావు గాజు కోకా కోలా సీసా అయింది. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి కొట్లో దొరికే సీసాతోనే వెక్కిరించారు.

వాడుకలో ఈ పేరు రకరకాలుగా పలికేది. ఒరేయ్ సోడాబుడ్డీ, బంతి అటే వచ్చింది, కనపడిందా? అన్నది ఆటస్థలం మాట. సోడాబుడ్డి మాస్టారు అన్నది క్లాసులో గుసగుస. తెలంగాణలో అదే సోడాబుడ్డి సారు. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలుంటే, సోడాబుడ్డి రాము ఒకడు, ఉత్త రాము ఒకడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన పిల్లవాడి గురించి వాడికి సైటు వచ్చిందట అని చెప్పుకునేవాళ్ళు. అమ్మాయిల వెంట చూపులు విసరడాన్నీ సైటు కొట్టడం అనే అనేవాళ్ళు కాబట్టి, కుర్రాళ్ళకి ఆ మాట మీద పరాచికాలకి కొదవ లేదు.

విచిత్రం ఏమిటంటే అదే కళ్ళజోడు నలభై దాటాక వస్తే చత్వారం. అందులో చిన్నతనం లేదు. పైగా పెద్దరికం. జోడు ముక్కు కొసకి జార్చి, పైనుంచి చూస్తూ మాట్లాడే కరణంగారికీ, ప్లీడరుగారికీ ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? సులోచనాలు అన్న మంచి మాట వాళ్ళ జోడుకి పనికొచ్చింది. పదేళ్ళ పిల్ల జోడుకి మాత్రం సోడాబుడ్డే మిగిలింది. వయసు వల్ల వచ్చిన లోపానికి గౌరవం, పుట్టుకతోనో చదువుతోనో వచ్చిన లోపానికి వెక్కిరింత. ఇది న్యాయం కాదని ఆ రోజుల్లో పెద్దవాళ్ళు గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పినవాళ్ళు తక్కువ. చాలామంది పెద్దలు నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వుకి మూల్యం పిల్లలు చెల్లించారు. ఇంట్లో అమ్మ ముందు జోడు పెట్టుకుని బయల్దేరి, వీధి మలుపు తిరగగానే తీసి సంచిలో దాచేసేవాళ్ళు. వెనక బెంచీలో కూచుంటే బోర్డు మీద అక్షరాలు ఆనవు. పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటే కాపీ కొడుతున్నావా అని మాస్టారి చేత మొట్టికాయ. అడిగితే నిజం చెప్పలేరు, చెబితే ముందు బెంచీ, జోడు, మళ్ళీ ఆ పేరు. లెక్కల్లో మొద్దు అని పేరుపడ్డ పిల్లల్లో ఎంతమందికి బోర్డు మీద అంకె కనపడలేదో ఎవరు లెక్క తీశారు? 2002లో అచ్చయిన ఒక సర్వే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లల కళ్ళు పరీక్షించి, దాదాపు నూటికి నలుగురికి దూరపు చూపు సరిగ్గా లేదని తేల్చింది. జోడు పెట్టుకున్నవాళ్ళు అతి కొద్దిమంది. కారణాల్లో పేదరికం, తెలియకపోవడం ముందుంటాయి. పేరు పడుతుందన్న భయాన్ని ఏ సర్వే కాగితమూ పట్టుకోలేదు గానీ, ఆ భయం అక్కడ లేదని ఆ కాలంలో బడికి వెళ్ళిన ఎవరూ అనరు.

ఆడపిల్లలకి ఇది ఇంకా కష్టం. పిల్లకి సైటుందా అన్న ప్రశ్న పెళ్ళి మాటల్లో కట్నం కంటే ముందొచ్చేది. అందుకని పెళ్ళిచూపుల రోజు జోడు బీరువాలోకి పోయేది. కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని, గడప తగలకుండా, చాప అంచు తట్టుకోకుండా, మసకమసగ్గా కనపడే నలుగురు మగవాళ్ళలో పెళ్ళికొడుకెవరో ఊహించుకుంటూ నడిచిన అమ్మాయిలు తెలుగునాట వేలల్లో ఉంటారు. అబ్బాయి నచ్చాడా అని తరవాత అడిగితే వాళ్ళేం చెప్పగలరు? తలూపారు. పెళ్ళయ్యాక జోడు బయటపడితే అత్తగారింట్లో ఆరోపణ: మాకు చెప్పలేదు. ఆ తరం ఆడవాళ్ళలో కొందరు ఇప్పుడు అమ్మమ్మలై, కూతురి పురుటికో మనవల్ని చూసుకోవడానికో ఆరేసి నెలలు శాన్ రామన్‌లో గడుపుతున్నారు. పార్కు బెంచీ మీద నలుగురు చేరినప్పుడు ఈ కబుర్లు వాళ్ళ నోటి నుంచే వినాలి. వాళ్ళు నవ్వుతూ చెబుతారు, కానీ ఏ గదిలో కూచున్నారో, ఏ చీర కట్టుకున్నారో అన్నీ చెబుతారు.

సోడాబుడ్డి అద్దాల్లో రెండో రకం ముసలివాళ్ళది. శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో ముదిరిన కటకాన్ని తీసేసి, దాని బదులు బయట అద్దం ఇచ్చేవాళ్ళు. అది ప్లస్ పది, ప్లస్ పన్నెండు. నడుమ ఉబ్బుగా ఉండే ఆ అద్దం వెనక కన్ను ఇంతై అంతై కనపడేది, చంటిపిల్లలు తాతని చూసి జడుసుకునేవాళ్ళు. ఆ అద్దంలో అన్నీ అసలు కంటే పెద్దగా, దగ్గరగా కనపడతాయి. మంచినీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపితే గాలి చేతికొచ్చేది. పక్కనుంచి వచ్చే సైకిలు కనపడదు, చటుక్కున ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. జోడు పగిలిందంటే మళ్ళీ చీకటే. అయినా ఊరి కంటి శిబిరంలో పొర తీయించుకుని, కట్టు విప్పాక మనవరాలి మొహం గుర్తుపట్టిన మనిషికి ఆ జోడు దేవుడిచ్చిన వరం.

లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటి లోపల కృత్రిమ కటకం అమర్చాడు. అది పేదవాడి కంటిదాకా రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. మదురైలో అరోల్యాబ్ 1992లో చవగ్గా ఆ కటకాలు చేయడం మొదలుపెట్టాక దారి తెరుచుకుంది. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన కంటి ఆసుపత్రికి సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ, డబ్బూ ఇచ్చారు, ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఆ సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు తెరిచి, ఊరి యువతకే కళ్ళు పరీక్షించడం నేర్పింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వం కంటివెలుగు పథకం మొదలుపెట్టింది, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అదే పేరుతో అందుకుంది. ఉచితంగా ఇచ్చిన జోడు పెట్టుకుని ఊరు ఊరంతా రచ్చబండ మీద కూచుంటే ఇక వెక్కిరించడానికి ఎవరు మిగులుతారు?

అద్దం బరువు తగ్గిన కథలో కాలిఫోర్నియాకి పెద్ద వాటా ఉంది. గాజులో సగం బరువు తూగే ప్లాస్టిక్ అద్దాన్ని 1947లో అమ్మకానికి తెచ్చింది ఇక్కడి ఆర్మొర్‌లైట్ కంపెనీయే. దాంతో ముక్కు మీది గుంటలు పోయాయి, మందం మాత్రం పోలేదు. మందాన్ని తగ్గించినవి ఆ తరవాత వచ్చిన హై ఇండెక్స్ అద్దాలు. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.523 అయితే వీటిది 1.67, 1.74 దాకా ఉంటుంది. అంటే అదే నంబరుకి చాలా పలచని అద్దం సరిపోతుంది. మైనస్ ఎనిమిది ఉన్న పిల్లని ఇవాళ ఎదురుగా చూసి ఆ సంగతి కనిపెట్టడం కష్టం. కాంటాక్ట్ లెన్సులూ, లేజరు ఆపరేషనూ వచ్చాక జోడు మొహం మీది నుంచే మాయమైంది. పెళ్ళి కుదరగానే లేజరు చేయించుకోవడం హైదరాబాదులో మామూలైపోయింది. బీరువాలో దాచే పని తప్పింది గానీ, దాచాలన్న ఆలోచన అంత త్వరగా పోలేదు.

శాన్ రామన్‌లో పిల్లల కథ ఇంకో దారిలో నడిచింది. కాలిఫోర్నియా బళ్ళలో చేరినప్పుడొకసారీ, తరవాత రెండు, అయిదు, ఎనిమిది తరగతుల్లోనూ చూపు పరీక్షించాలన్నది చట్టం. కాబట్టి బోర్డు కనపడని పిల్లవాడు మొద్దు అనిపించుకునే అవకాశం బాగా తగ్గింది. తెలుగు పిల్లలు, చైనా పిల్లలు, కొరియా పిల్లలు నిండిన తరగతుల్లో జోడు వింత కాదు. ఫ్రేము రంగు తామే ఎంచుకుంటారు, పుట్టినరోజుకి కొత్తది అడుగుతారు. డాక్టరు 20/20 అంటే తల్లిదండ్రులు మనసులో 6/6 అని మార్చుకుంటారు. ఇక్కడ అడుగుల లెక్క, అక్కడ మీటర్ల లెక్క.

వెక్కిరింత పోయింది, జబ్బు మాత్రం పెరిగింది. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి దూరపు చూపు ఆనదని బ్రయన్ హోల్డెన్ బృందం 2016లో అంచనా వేసింది. హోల్డెన్ ఆస్ట్రేలియా మనిషి, ఎల్.వి. ప్రసాద్ సంస్థకి ఆప్తుడు, అక్కడి ఆప్టోమెట్రీ కళాశాలకి ఇప్పుడు ఆయన పేరే. ఈ జబ్బు గుట్టు విప్పిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి శాన్ రామన్‌కి ఇరవై మైళ్ళ లోపే, ఇదే కౌంటీలోని ఒరిండా బళ్ళలో జరిగింది. బర్క్‌లీ పరిశోధకులు 1989లో అక్కడి పిల్లల కళ్ళని ఏటేటా పరీక్షించడం మొదలుపెట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరికీ జోడుంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువని, ఆరుబయట ఎక్కువసేపు ఆడే పిల్లలకి ఆ ముప్పు తగ్గుతుందని 2007 నాటికి తేల్చారు. ఇంటర్ పుస్తకాల మీద వంగి, ఎంట్రన్సులు రాసి, జోళ్ళతోనే విమానం ఎక్కిన జంటల పిల్లలున్న ఊరికి ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? బోలింజర్ కాన్యన్ రోడ్డు మీది కూపర్‌విజన్ చేసే మైసైట్ లెన్సుకి 2019 నవంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. 8 నుంచి 12 ఏళ్ళ లోపు మొదలుపెట్టే పిల్లల్లో మూడేళ్ళ పరీక్షలో అది నంబరు పెరుగుదలని సగానికి పైగా తగ్గించింది. ఖరీదైన వ్యవహారం. అయినా ఈ ఊరి తల్లిదండ్రులు దాని గురించి ఆరా తీస్తున్నారంటే, ఆ ఆత్రం వెనక తమ చిన్ననాటి లావు అద్దాలున్నాయి.

గోలీ సోడా మాత్రం మళ్ళీ తల ఎత్తింది. హైదరాబాదు మాల్స్‌లో రంగురంగుల గోలీ సీసాలు వరస కట్టాయి. 2025లో భారత ఎగుమతుల సంస్థ అపెడా అండతో గోలీ పాప్ సోడా పేరుతో అమెరికాకీ వెళ్ళింది. అదీ కాకుండా, కాడ్ సీసా జపానులో రామునే పేరుతో చెక్కుచెదరకుండా బతికింది. బే ఏరియా ఆసియా దుకాణాల్లో ఆ సీసా దొరికినప్పుడు నాన్నలు ఉత్సాహంగా కొని, బొటనవేలితో కొట్టి చూపించబోయి, మూతతో వచ్చిన ప్లాస్టిక్ గుబ్బకే లొంగిపోతారు. పిల్లలకి నచ్చేది లోపల గలగలలాడే గోలీ. సోడాబుడ్డి అంటే ఇదేనా అని అడిగిన పిల్లకి ఆ సీసా అడుగు చూపించి, అమ్మ పాత ఫోటో ఒకటి వెతికి పక్కన పెట్టాలి. అప్పుడు గానీ సంగతి బోధపడదు.

ఇంతలో కళ్ళజోళ్ళ ప్రయాణం తిరగబడింది. అమెరికాలో జోడు ధర చూసి గుండె గుభేలుమన్న కుటుంబాలు, వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళేటప్పుడు అందరి చీటీలూ వెంట తీసుకెళతాయి. పరీక్ష అయ్యాక చీటీని కళ్ళ డాక్టరు అడక్కుండానే చేతికివ్వాలన్నది ఇక్కడి ఫెడరల్ నిబంధన. అందులో కనుపాపల మధ్య దూరం రాయకపోవడం మామూలు, దాన్ని అమీర్‌పేటలోనో, విజయవాడ బీసెంటు రోడ్డులోనో కొట్టువాడు స్కేలు పెట్టి కొలుస్తాడు. తొందరున్నవాళ్ళు చీటీ ఫోటో ముందే వాట్సాప్‌లో పంపి, అన్నయ్య చేత ఆర్డరిప్పిస్తారు. తిరుగు ప్రయాణంలో ఊరగాయ సీసాల పక్కన నాలుగైదు జోళ్ళ పెట్టెలు సర్దుకుంటారు: పెద్దదానికి రెండు, చిన్నవాడు ఎలాగూ విరగ్గొడతాడు కాబట్టి వాడికి మూడు.